రేపు పొద్దున పోటు ఎన్నింటికి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. రోడ్డు లేని సముద్రపు ఒడ్డుకు నడిచి వెళ్లి, రాత్రికి అక్కడే టెంట్ వేసుకుని పడుకోవడం ఎలా అని. "హాయిగా ఉంటుంది కదండీ?" అని మాత్రమే అడిగినవాళ్లకి జవాబు: ఉంటుంది. మా ఆయనా నేనూ ఇరవై ఏళ్లుగా వెళ్తూనే ఉన్నాం, మోకాళ్లు ఒప్పుకున్నన్నాళ్లు వెళ్తాం. మిగతా ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరమే బోలెడంత చోటు తినేసింది. ఎందుకో చదివితే తెలుస్తుంది, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. ఎవరికీ టెంట్ అనుభవం లేదు. ఏడు కిలోమీటర్లు నడిస్తే ఒక ఒడ్డు వస్తుంది. చివర్లో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము ఒకటుంది, నీళ్లు తగ్గినప్పుడు దాని కింద రాళ్ల మీదుగా చుట్టి వెళ్లాలి. శనివారం మధ్యాహ్నం మూడింటికి నీళ్లు బాగా తగ్గుతాయని ఆటుపోట్ల పట్టికలో చూసుకున్నాం. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి తిరుగు ప్రయాణం. ఏమేం సర్దుకోవాలో ఒక లిస్ట్ ఇస్తారా?

జవాబు: లిస్ట్ తర్వాత ఇస్తాను. ముందు మీ ఆదివారం సంగతి తేల్చుకుందాం. తొమ్మిదింటికి మీరు బ్యాగులు తగిలించుకుని ఆ కొండకొమ్ము దగ్గరికి వచ్చేసరికి, నిన్న మీరు నడిచిన రాళ్లు కనబడవు. వాటి మీద నిండా నీళ్లుంటాయి.

ఆటుపోట్లు అనే మాటని జీవితం గురించి చెప్పేటప్పుడు తెగ వాడేస్తాం. అసలు సముద్రం దగ్గర మాత్రం ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు. ఆటు అంటే నీళ్లు వెనక్కి తగ్గడం, పోటు అంటే పైకి రావడం. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఇక్కడ రోజంటే మన గడియారం రోజు కాదు, చంద్రుడి లెక్కన రోజు, 24 గంటల 50 నిమిషాలు. భూమి ఒక చుట్టు తిరిగేలోపు చంద్రుడూ కాస్త ముందుకి జరిగిపోతాడు, మళ్లీ అతనికి ఎదురుగా రావడానికి ఆ 50 నిమిషాలు అదనం. కాబట్టి ఆటుకీ పోటుకీ మధ్య సుమారు 6 గంటల 12 నిమిషాలు పడుతుంది. (మెక్సికో సింధుశాఖలో కొన్ని చోట్ల రోజుకి ఒక్కటే పోటు. అందుకే మీరు వెళ్లే తీరం పట్టికే చూడాలి, పక్క సముద్రానిది కాదు.)

ఇప్పుడు మీ శనివారం నుంచి లెక్కపెట్టండి. మధ్యాహ్నం 3కి ఆటు. రాత్రి 9.12 ప్రాంతంలో పోటు. తెల్లవారుజామున 3.25కి మళ్లీ దారి తెరుచుకుంటుంది, అప్పుడు మీరు గాఢ నిద్రలో ఉంటారు. పొద్దున 9.37కి నిండు పోటు. మళ్లీ నీళ్లు పూర్తిగా తగ్గేది మధ్యాహ్నం 3.50కి. పట్టిక చూసినందుకు సంతోషం, కానీ వెళ్లడానికి మాత్రమే చూశారు. రావడానికి చూడలేదు.

ఎగతాళి చేస్తున్నానని అనుకోకండి. పదిహేనేళ్ల కిందట మేమూ అచ్చం ఇదే పని చేశాం. పొద్దున ఎనిమిదిన్నరకి టెంట్ మడిచి, మిగిలిన నీళ్లతో మొహాలు కడుక్కుని మరీ బయల్దేరాం. ఇంకో మూడు గంటల్లో ఇంట్లో ఉంటాం కదా అని ధీమా. కొమ్ము దగ్గరికొస్తే నిన్నటి రాళ్ల బాట లేదు. మా ఆయన కాసేపు చూసి, "మోకాలి లోతే, రెండు నిమిషాల్లో దాటేద్దాం" అన్నారు. మోకాలి లోతే, నిజమే. అల వెనక్కి పోయినప్పుడు మోకాలి లోతు. అల వచ్చినప్పుడు నడుము దాటింది. వీపు మీద ఉన్న బ్యాగుని నీళ్లు కింద నుంచి పైకెత్తాయి, మనిషి కాళ్ల మీద లేరు. ఒక చేత్తో రాతిని పట్టుకున్నారు, ఆ రాతి మీద అంటుకున్న గవ్వలు అరచేతిని జల్లెడలా చీరేశాయి. రెండో అల కుడి కాలి బూటు తీసుకుపోయింది. ఎలాగో వెనక్కి వచ్చారు. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఇద్దరం ఒక బండ నీడ జరుగుతుంటే దాంతోపాటు జరుగుతూ కూర్చున్నాం. అర సీసా నీళ్లు మిగిలాయి, మూత లెక్కన పంచుకున్నాం. ఆ తర్వాత ఆయన కాలికి తువ్వాలు చుట్టుకుని ఆరు కిలోమీటర్లు నడిచారు. బూటు దొరకలేదు. రెండో బూటు ఏం చేయాలని ఇంటికి వచ్చాక కూడా నన్నే అడిగారు.

ఇక మీ సంగతి. నీళ్లు గంట గంటకీ ఒకే లెక్కన పెరగవు. మొత్తం పెరుగుదలని పన్నెండు వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి వస్తాయి. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్లు వచ్చిపడతాయి. ఆటు దాటిన మొదటి గంటలో ఏమీ జరగనట్టే ఉంటుంది. అందరూ ఫొటోలు దిగేది అప్పుడే, ఇరుక్కునేది ఆ తర్వాతే. కాబట్టి ఇలాంటి చోటుకి ఆటు వేళకి గంటో గంటన్నరో ముందే చేరుకోవాలి. నీళ్లు ఇంకా తగ్గుతూ ఉంటాయి, ఏదైనా తేడా వచ్చినా మీ చేతిలో టైం ఉంటుంది. మూడింటి ఆటుకి మీరు ఒకటిన్నరకే కొమ్ము దగ్గర ఉండాలి.

అందుకు ఎన్నింటికి బయల్దేరాలి? మెత్తటి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే రెండు రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుందని 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో తేల్చారు. నా కాళ్లు దాన్ని అంతకు ముందే తేల్చాయి. బరువుతో ఏడు కిలోమీటర్లకి మూడు గంటలు వేసుకోండి. ఆటు వేళ నీటి అంచున తడిసి గట్టిపడిన ఇసుక ఉంటుంది, ఉన్నంత మేరా దాని మీదే నడవండి.

ఆదివారం రెండింటి దాకా అక్కడే ఉంటామని ముందే అనుకుని వెళ్తే అంతకంటే హాయి లేదు. ఒక పూట తిండి, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లడమే తేడా. అలా కుదరదంటే వేరే వారం చూసుకోండి. వారం తిరిగేసరికి ఆటు వేళలు దాదాపు ఆరు గంటలు జరుగుతాయి కాబట్టి, పొద్దున ఆటు దొరికే శనాదివారాలు ఉంటాయి.

చంద్రుణ్ని కూడా చూడండి. అందరికీ వెన్నెల కావాలి, పౌర్ణమికే వెళ్తామంటారు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా కిందికి పోతుంది. అష్టమి ప్రాంతంలో రెండూ తక్కువ. ఇందులో ఒక మెలిక ఉంది. పౌర్ణమికి కొండకొమ్ము దగ్గర దారి విశాలంగా తెరుచుకుంటుంది కానీ పడుకునే జాగా తగ్గిపోతుంది. అష్టమికి పడుకోవడానికి బోలెడు చోటు ఉంటుంది, కానీ నీళ్లు అంతగా తగ్గక కొమ్ము దగ్గర దారి అసలు తెరుచుకోకపోవచ్చు. ఏ రోజుల్లో దాటొచ్చో ఆ దారిలో తరచూ తిరిగేవాళ్లని అడగండి. కాలిఫోర్నియాలో లాస్ట్ కోస్ట్ అని 40 కిలోమీటర్ల నడక దారి ఉంది. అందులో కొన్ని భాగాలు పోటు వేళ పూర్తిగా మూసుకుపోతాయి. అక్కడ పట్టిక జేబులో లేకుండా నడిస్తే ఎక్కడో ఒకచోట ఇరుక్కోవలసిందే.

లిస్ట్ అడిగారు కదా. మనిషికి ఒక హెడ్ ల్యాంప్. ఫోన్ టార్చ్ లెక్కలోకి రాదు. ఆటుపోట్ల పట్టిక కాగితం మీద రాసుకున్నది. గాలికి ఆగే ఒక జాకెట్, టోపీ, ఈల, గాయాల మందులు, కట్టుగుడ్డ. పొడవాటి తాడు, నాలుగు ఖాళీ గుడ్డ సంచులు (ఎందుకో కింద చెప్తాను). నీళ్లు చొరబడని సంచిలో ఒక జత పొడి బట్టలు. వండక్కర్లేని తిండి ఒక పూటకి అదనంగా. చెత్త తిరిగి తేవడానికి ఒక సంచి. మడత కుర్చీలు, స్పీకర్ ఇంట్లో వదిలేయండి.

ప్రశ్న: పోటు ఎక్కడిదాకా వస్తుందో ఇసుక చూసి చెప్పొచ్చా? టెంట్ ఎక్కడ వేయాలి?

జవాబు: చాలావరకు చెప్పొచ్చు. ఒడ్డు మీద నాచు, పుల్లలు, గుల్లలు వరసగా పేరుకున్న గీత కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి నాచుని కాలితో ఎత్తి చూడండి. కింద తడిగా ఉండి, చిన్న చిన్న ఇసుక పురుగులు టపటపా ఎగిరితే అది మొన్నో నిన్నో వచ్చిన నీళ్ల గీత. ఇంకా పైకి వెళ్తే రెండో గీత ఉంటుంది. అక్కడ నాచు నల్లగా ఎండి చేత్తో నలిపితే పొడైపోతుంది. కర్రలు ఎండకి తెల్లబడి ఉంటాయి. సీసా మూతలు, తెగిన వలల ముక్కలు కూడా అక్కడే. పెద్ద పోటుకో తుపానుకో నీళ్లు అంతదాకా వచ్చాయన్నమాట. మీ పడక ఆ రెండో గీతకి పైన. ఆ గీత వెళ్లి కొండ అడుగునే ఆనుకుని ఉంటే ఆ ఒడ్డున పడుకోవడానికి చోటు లేనట్టే. ఎంత అందంగా ఉన్నా వెనక్కి రండి.

ఒడ్డు వాలు తక్కువైన కొద్దీ జాగ్రత్త ఎక్కువ కావాలి. యాభై మీటర్లకి ఒక మీటరు వాలు ఉన్న చోట నీరు ఒక మీటరు పెరిగితే యాభై మీటర్లు లోపలికి నడిచొస్తుంది. ఆ పెరుగుదల కూడా చోటుని బట్టి మారుతుంది. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల అర మీటరు కూడా ఉండదు, కెనడాలో ఫండీ అఖాతంలో 16 మీటర్ల దాకా ఉంటుంది. పట్టికలో రాసే ఎత్తులో గాలి, అలలు కలవవు. వాతావరణ పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. కాబట్టి వాయుగుండం కబురు వింటే ఆ వారం మానేయండి.

కొండ అంచు కింద వేయొద్దు, పైనుంచి రాళ్లు పడతాయి. అడుగున కొత్తగా విరిగిన, అంచులు పదునుగా ఉన్న రాళ్లు కనిపిస్తే అది సాక్ష్యం. వాగు సముద్రంలో కలిసే చోటా వద్దు. ఇసుక దిబ్బల మీద పాకే తీగలు, గడ్డి ఉంటాయి చూశారా, వాటి మీదా వద్దు. ఆ దిబ్బ గాలికి ఎగిరిపోకుండా పట్టుకున్నవి ఆ వేళ్లే. వాటి ముందు ఉన్న ఖాళీ పొడి ఇసుక చాలు.

ప్రశ్న: పోయినసారి వెళ్తే టెంట్ మేకులు ఇసుకలో నిలవలేదు. అర్ధరాత్రి టెంట్ మా మీద కూలింది. పెద్ద మేకులు కొనాలా?

జవాబు: డబ్బు దండగ. పొడి ఇసుకలో ఎంత పొడుగు మేకయినా వెన్నలో పుల్లే. పైన చెప్పిన గుడ్డ సంచులు ఇందుకే. సంచి నిండా ఇసుక పోసి మూతి బిగించి, టెంట్ తాడు సంచి నడుముకి కట్టండి. మోచేతి లోతు గుంట తీసి అందులో పడుకోబెట్టండి. గుంట నుంచి టెంట్ వైపుకి తాడు పట్టేంత సన్నటి గాడి గీయండి, లేకపోతే తాడు పైకి లాగుతూ సంచిని బయటికి తెచ్చేస్తుంది. ఇసుక కప్పి, కాలితో తొక్కి, మీద ఒక చెంబు సముద్రం నీళ్లు పోయండి. తడి ఇసుక పట్టుకున్నంతగా పొడి ఇసుక పట్టుకోదు. ఇప్పుడు తాడు లాగి చూడండి, మీరే ముందుకి తూలుతారు. సంచి లేకపోతే మోచేయంత కర్రకి మధ్యలో తాడు కట్టి అలాగే అడ్డంగా పాతొచ్చు.

ఇంకో సంగతి. సాయంత్రం గాలి సముద్రం నుంచి వస్తుంది, అందుకని అందరూ టెంట్ వీపు సముద్రం వైపు పెడతారు. రాత్రి నేల చల్లబడ్డాక గాలి తిరగబడి నేల మీది నుంచి సముద్రానికి వీచొచ్చు. తాళ్లు నాలుగు వైపులా కట్టండి, ఒక్క వైపే కట్టి నిద్రపోకండి. జిప్పుల్లో ఇసుక ఇరుక్కుంటే బలంగా లాగొద్దు, పళ్లు పోతాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగేయండి.

ప్రశ్న: మా అబ్బాయి వాటర్ ఫిల్టర్ కొన్నాడు. సముద్రం పక్కనే ఉంటాం కదా, నీళ్లు మోయడం ఎందుకంటున్నాడు. మరిగించి వడకట్టినా తాగకూడదా?

జవాబు: తాగకూడదు. బ్యాగులో పెట్టుకునే మామూలు ఫిల్టర్ మట్టిని, సూక్ష్మజీవుల్ని ఆపుతుంది. నీళ్లలో కరిగిపోయిన ఉప్పుని ఆపలేదు. మరిగిస్తే నీళ్లు ఆవిరై ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పులుంటాయి. మన మూత్రపిండాలు అంత ఉప్పుని అంతే నీటితో బయటికి పంపలేవు, ఒంట్లో ఉన్న నీళ్లు కూడా తీసి వాడుకుంటాయి. అందుకే తాగిన కొద్దీ దాహం పెరుగుతుంది.

మనిషికి రోజుకి నాలుగైదు లీటర్లు మోయాల్సిందే. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు, మీ అబ్బాయికి ముందే చెప్పండి. దగ్గర్లో వాగు ఉంటే ఫిల్టర్ అక్కడ పనికొస్తుంది. అయితే వాగు మూతి దగ్గర పట్టొద్దు. పోటు వేళ ఉప్పునీరు లోపలికి ఎదురెక్కుతుంది. బాగా ఎగువకి వెళ్లి పట్టి, బుడగలు తిరుగుతూ ఒక నిమిషం మరగనివ్వండి.

ప్రశ్న: మా అమ్మాయి స్నేహితురాళ్లతో కలిసి ఇలాంటి ఒడ్డుకి వెళ్తానంటోంది. వద్దంటే వినేలా లేదు, వెళ్లమనడానికి నాకు ధైర్యం లేదు. సిగ్నల్ కూడా ఉండదట. ఆ రెండు రోజులూ నాకు టెన్షన్. ఏమేం అడిగి పంపించాలి?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ నేను తీసేయలేను, మా అమ్మది కూడా ఎవరూ తీయలేకపోయారు. కానీ అడగాల్సినవి అడిగితే కాస్త తగ్గుతుంది. ఎటు నుంచి వెళ్తున్నారు, ఎక్కడ పడుకుంటారు, ఎంతమంది, ఏ రంగు టెంట్... ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాత, "మర్నాడు ఆటు ఎన్నింటికి?" అని అడగండి. అమ్మాయి తడుముకోకుండా చెప్పిందా, పంపించండి. "ఎందుకమ్మా?" అందా, ఈ కాలమ్ మొదటి జవాబు చదివించండి.

ఫోన్ వస్తుందని ఎన్ని గంటలదాకా ఎదురుచూడాలి, ఎన్నింటికి సాయం కోసం ఫోన్ చేయాలి, ఈ రెండూ విడివిడిగా అనుకోండి. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తాం అన్నారు కదా అని ఒంటిగంటకే కంగారు పడితే లాభం లేదు. నీళ్లు అడ్డమై ఆగిపోయుండొచ్చు, అలా ఆగిపోవడమే తెలివైన పని. ఆటు వేళకి నడక టైం కలిపి, పైన రెండు గంటలు వేసి, ఆ గంట దాటితే మాత్రం ఆలస్యం చేయకండి.

స్నానం గురించి నిక్కచ్చిగా మాట తీసుకోండి. కాపలావాళ్లు లేని ఒడ్డున మోకాలి లోతు దాటకూడదు, చీకటి పడ్డాక అసలు దిగకూడదు. అలలన్నీ విరుగుతుంటే మధ్యలో ఒక్కచోట మాత్రం విరగకుండా, నీరు ముదురు రంగులో నున్నగా కనిపిస్తుంది. ఈత రానివాళ్లకి అదే మంచి చోటులా అనిపిస్తుంది. ఒడ్డుకి వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అది, రిప్ కరెంట్ అంటారు. వంద మీటర్ల ఫ్రీస్టైల్ ప్రపంచ రికార్డు ఈతగాడి వేగం సెకనుకి రెండు మీటర్ల పైచిలుకు, బలమైన రిప్ కరెంట్ అంతకు మించి లాగగలదు. దానికి ఎదురీదితే అలిసిపోతారు. అది మనిషిని అడుగుకి ముంచదు, లోపలికి మాత్రం తీసుకుపోతుంది. తేలుతూ ఊపిరి నిలుపుకుని, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగడం తగ్గాక ఒడ్డు వైపు తిరగాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకాలే దూకకుండా తేలే వస్తువు ఏదైనా విసరాలి.

ఇంకో రెండు మాటలు చెప్పి పంపండి. ఉరుము వినిపిస్తే టెంట్ రక్షణ కాదు. ఒడ్డు మీద ఎత్తుగా నిలబడింది మనమే అవుతాం, అందుకని ఉరుములు ఉంటాయన్న రోజున బయల్దేరనే వద్దు. నేల గట్టిగా, చాలాసేపు కంపించినా, నీళ్లు ఆటు వేళ కాకుండా ఉన్నట్టుండి వెనక్కి పోయినా సామాను వదిలేసి ఎత్తుకి పరుగెత్తాలి. ముప్ఫై మీటర్ల ఎత్తయినా ఎక్కాలి, మొదటి అల వచ్చి వెళ్లిపోయింది కదా అని దిగకూడదు. సునామీలో మొదటి అలే పెద్దదని లేదు.

ప్రశ్న: పర్మిషన్ అవసరమా? ఎవరూ లేని ఒడ్డే కదా.

జవాబు: ఎవరూ లేరని ఎవరిదీ కాదనుకోవద్దు. హవాయిలో కలలావ్ అనే ఒడ్డుకి సుమారు 18 కిలోమీటర్లు కొండల మీదుగా నడవాలి, పర్మిట్ లేకుండా అక్కడ రాత్రి ఉండనివ్వరు. మీరు వెళ్లే చోటు అటవీ శాఖదో, పార్కుదో, ఎవరి సొంత భూమో కనుక్కుని వెళ్లండి.

ప్రశ్న: క్యాంప్‌ఫైర్ లేకుండా బీచ్‌లో రాత్రేంటండీ! ఇసుకలో మంట వేస్తే ప్రమాదం ఏముంది, పోయేటప్పుడు ఇసుక కప్పేస్తే సరిపోదా?

జవాబు: ఇసుక కప్పడమే ప్రమాదం. పైన ఇసుక చల్లగా కనిపిస్తుంది, కింద నిప్పులు గంటల తరబడి వేడిగానే ఉంటాయి. పొద్దున ఎవరో చెప్పుల్లేకుండా అటుగా నడుస్తారు. పసిపిల్లలైతే ఆ ఇసుకలో చేతులు పెడతారు. మంటకి అనుమతి ఉన్న చోటయితే పోటు గీతకి కింద తడి ఇసుక మీద చిన్నగా వేసుకోండి, బిందెడు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చెయ్యి దగ్గర పెట్టి వేడి తగలట్లేదని చూసుకున్నాకే కదలండి. నీళ్లలో నానిన రాళ్లు మంట చుట్టూ పేర్చొద్దు, లోపలి తేమ ఆవిరై అవి పేలతాయి. కొట్టుకొచ్చిన కర్రలు ఉప్పు పట్టి ఉంటాయి, నీలం మంట చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ పొగ ఒంటికి మంచిది కాదు. దాని మీద ఏమీ కాల్చుకుని తినకండి.

నన్నడిగితే మంట లేని రాత్రే మంచి రాత్రి. ఎందుకో తర్వాతి ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: చీకట్లో అలలు నీలంగా మెరవడం నిజమేనా, ఫొటోల్లో మాయా? మాకు కనపడాలంటే ఏం చేయాలి?

జవాబు: నిజమే, ప్రతిచోటా ప్రతి రాత్రీ ఉండదంతే. నీళ్లలో ఉండే నాక్టిలూకా లాంటి కంటికి ఆనీ ఆనని జీవులు కదిలిస్తే మెరుస్తాయి. ఒంట్లో ఉండే లూసిఫెరిన్ అనే పదార్థం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు ఆ వెలుగు వస్తుంది. అల విరిగినప్పుడు, చేప తోక ఆడించినప్పుడు, మీరు అడుగు వేసినప్పుడు మెరుపు కనిపిస్తుంది. అమావాస్య దగ్గర్లో వెళ్లండి. మంట ఆర్పి, టార్చ్‌లు ఆపి, ఫోన్లు జేబులో పెట్టి అరగంట ఊరికే కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి అంతసేపు పడుతుంది. మధ్యలో ఒకరు ఫోన్ తీశారా, లెక్క మళ్లీ మొదటికి. తర్వాత తడి ఇసుక మీద నెమ్మదిగా అడుగేయండి. నేను మొదటిసారి చూసినప్పుడు మడమ చుట్టూ నీలం చుక్కలు చిట్లి ఆరిపోయాయి, వెనక్కి తిరిగితే నా అడుగు ఒక్క క్షణం వెలిగి పోయింది. అరవై ఏళ్ల మనిషి ఒంటికాలి మీద గెంతుతూ ఒడ్డంతా తిరిగారు. ఆయన పేరు చెప్పను, మా ఇంట్లోనే ఉంటారు.

చీకటి వల్ల ఇంకో మేలు. సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లే ఒడ్డెక్కుతాయి, తెల్లటి లైటు పడితే బెదిరి వెనక్కి పోతాయి. పిల్లలు గుడ్డు నుంచి బయటికి రాగానే ఎటు వెలుగుంటే అటు నడుస్తాయి. ఆ వెలుగు సముద్రానిది కావాలి, మీ లాంతరుది కాకూడదు. ఇసుక మీద ట్రాక్టర్ టైరు జాడలాంటిది నీళ్ల నుంచి పైకి వెళ్లి కనిపిస్తే అక్కడ మేకులు కొట్టొద్దు, దూరంగా జరగండి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లుంటాయి. అవి గుడ్లు పెట్టే సీజన్‌లో చాలా ఒడ్డుల్లో రాత్రి బసకి అనుమతే ఉండదు.

ప్రశ్న: అడగడానికి సిగ్గుగా ఉంది. బాత్రూం?

జవాబు: సిగ్గెందుకు, అందరి మనసులో ఉన్న ప్రశ్న మీరే అడిగారు. ఇసుకలో కుళ్లబెట్టే జీవులు తక్కువ, పాతింది పాతినట్టే ఉంటుంది. నీటికి, టెంట్లకి అరవై మీటర్లయినా దూరంగా, చెట్లున్న మట్టి నేలలోకి వెళ్లి జానెడు గుంట తీసి పూడ్చండి. కాగితం, ప్యాడ్లు పాతొద్దు, సంచిలో కట్టి తెచ్చేయండి.

ప్రశ్న: నాకు చిన్న చప్పుడుకే మెలకువ వస్తుంది. రాత్రంతా అలల హోరులో నిద్ర పడుతుందా?

జవాబు: మొదటి రాత్రి పట్టదు. ప్రతి పెద్ద అలకీ "ఇది టెంట్ దాకా వచ్చేసిందేమో" అని లేచి కూర్చుంటారు. రెండో గీతకి పైన వేసుకుని ఉంటే రాదు, కానీ ఆ మాట అర్ధరాత్రి మీ చెవికి ఎక్కదు. రాత్రంతా ఒకే హోరు కూడా ఉండదు. పోటు తిరిగాక చప్పుడు నెమ్మదిగా దూరం జరుగుతుంది. నాకు మెలకువ వచ్చేది ఎప్పుడూ ఆ దూరం జరిగినప్పుడే, తెల్లవారుజామున రెండూ మూడు మధ్య. జిప్పు తీసి చూస్తే సాయంత్రం నీళ్లున్న చోట తడి ఇసుక నక్షత్రాల కింద మెరుస్తూ ఉంటుంది, అల ఎక్కడో అవతల సన్నగా వినిపిస్తుంది. టెంట్ పైగుడ్డ మంచుకి తడిసి, వేలు తగిలిన చోటల్లా ఒక చుక్క జారుతుంది.

అలికిడికి మా ఆయన కదులుతారు. బూటు పోయిన దగ్గర్నుంచీ కళ్లు తెరవకుండా ఒకటే అడుగుతారు: "రేపు పొద్దున పోటు ఎన్నింటికి?" నేను జేబులో కాగితం తీసి, టార్చ్‌కి వేలు అడ్డం పెట్టి చదివి చెప్పేలోపు మళ్లీ గురక.